చీటీ లేని చికిత్స: కౌమార మొటిమలు, పైపూత మందులు, మందు పేరు చదివే విద్య – బొల్లారం పారిశ్రామిక ప్రాంత నేపథ్యం

వ్యాససంగ్రహం:
కౌమారదశలో వచ్చే మొటిమలకు వైద్యుని చీటీ లేకుండా మందు కొని రాసుకోవడం మన సమాజంలో సర్వసాధారణం. స్వల్పస్థాయి మొటిమల విషయంలో ఈ స్వయంచికిత్స తప్పు కాదు. సరైన మందును సరైన కాలం వాడితే చాలామందికి అది సరిపోతుంది. అయితే దుకాణంలో చీటీ లేకుండా ‘దొరికే’ మందు, చీటీ లేకుండా ‘వాడదగిన’ మందు ఒకటి కావు. ఈ తేడా తెలియకపోవడం వల్ల స్టెరాయిడ్ కలిసిన పైపూతలు, యాంటీబయాటిక్ పూతలు యువత ముఖాలపైకి చేరుతున్నాయి. ఔషధాలు తయారుచేసే బొల్లారం–పటాన్‌చెరు ప్రాంతాన్ని నేపథ్యంగా తీసుకొని ఈ తేడాను వివరించడం, మందు పేరులోని పదాంతాన్ని బట్టి దాని వర్గాన్ని గుర్తించే పద్ధతిని పరిచయం చేయడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: మొటిమలు, స్వయంచికిత్స, పైపూత స్టెరాయిడ్లు, హెచ్ షెడ్యూలు, బొల్లారం, ఔషధనామాలు, పదాంతాలు.

1. ఉపోద్ఘాతం:
“అన్నా, మొటిమలకు ఏదన్న క్రీం ఉందా?”
“ఇది రాయి తమ్మీ, వారం రోజుల్ల పోతయి.”

మందుల దుకాణం ముందు కాసేపు నిలబడితే వినిపించే మాటలివి. ఇందులో బాధ పేరు ఉంది, గడువు ఉంది. మందు పేరు మాత్రం లేదు. ‘క్రీం’ అనేది మందు పేరు కాదు, మందు రూపం. ఒకే రంగు గొట్టంలో మొటిమను తగ్గించే మందూ ఉండవచ్చు, ముఖచర్మాన్ని పలుచబరిచే మందూ ఉండవచ్చు. అడిగినవారు పేరు అడగలేదు, ఇచ్చినవారు చెప్పలేదు. ఈ లోటే ప్రస్తుత వ్యాసానికి ప్రాతిపదిక.

ఇక్కడ చెప్పే బొల్లారం రాష్ట్రపతి నిలయం ఉన్న సికింద్రాబాద్ బొల్లారం కాదు. పూర్వపు మెదక్ జిల్లాలో ఉండి, 2016 జిల్లాల పునర్విభజన తరువాత సంగారెడ్డి జిల్లాలో చేరిన పారిశ్రామికవాడ. 1961లో బాలానగర్‌లో ఐ.డి.పి.ఎల్. స్థాపన హైదరాబాద్ పరిసరాల్లో ఔషధ పరిశ్రమకు పునాది వేసింది. అక్కడ పనిచేసిన అనుభవంతో బయటకు వచ్చిన డాక్టర్ కె. అంజిరెడ్డి 1984లో స్థాపించిన డాక్టర్ రెడ్డీస్ వంటి సంస్థలు బొల్లారంలో మందుల మూలపదార్థాలను తయారుచేస్తూ వచ్చాయి. ఈ వాడలో కార్మిక కుటుంబాల పిల్లలు ఆ పరిశ్రమల ప్రహరీల పక్కనుంచే బడికి, కళాశాలకు వెళతారు. మందు పుట్టే చోట పెరిగిన పిల్లవానికి కూడా తాను ముఖానికి రాసుకునే మందు పేరు తెలియకపోవడం ఆలోచించదగిన విషయం.

2. మొటిమ – పేరు, పుట్టుక:
మొటిమ కొత్త జబ్బు కాదు. సుశ్రుతసంహిత నిదానస్థానంలో క్షుద్రరోగాల వరుసలో ‘ముఖదూషిక’ ప్రస్తావన ఉంది. బూరుగుచెట్టు ముళ్లవలె ముఖంపై లేచే పిడకలు అని, యువకులకు వస్తాయని సుశ్రుతుడు వర్ణించాడు. అందుకే వీటికి ‘యౌవనపిడకలు’ అనే పేరు కూడా ఏర్పడింది. ‘వయసు మొటిమలు’ అనే మన వాడుకలోనూ ఈ గ్రహింపే ఉంది. అంటే ఈ బాధ వయసుతో ముడిపడినదని, మురికితో కాదని సంప్రదాయం ముందే గుర్తించింది.

ఆధునిక వైద్యం నాలుగు కారణాలను చెబుతుంది. యౌవనారంభంలో ఆండ్రోజన్ హార్మోన్ల ప్రభావంతో చర్మంలోని తైలగ్రంథులు ఎక్కువ జిడ్డును స్రవిస్తాయి. రోమకూపం లోపలి కణాలు సరిగా రాలక ఒకదానికొకటి అంటుకొని ద్వారాన్ని మూసివేస్తాయి. మూసుకున్న కూపంలో క్యూటిబాక్టీరియం ఆక్నెస్ అనే సూక్ష్మజీవి వృద్ధి చెందుతుంది. దానికి శరీరం స్పందించడంతో వాపు, ఎరుపు, చీము ఏర్పడతాయి. ద్వారం తెరుచుకొని ఉన్న గింజ తల నల్లగా కనిపిస్తుంది. దీనినే బ్లాక్‌హెడ్ అంటాము. ఆ నలుపు మురికి కాదు. కాబట్టి గట్టిగా రుద్ది కడిగితే అది పోదు. చర్మం గీరుకుపోయి వాపు పెరుగుతుంది.

పన్నెండు నుంచి ఇరవైనాలుగేళ్ల మధ్య సుమారు 85 శాతం మందికి ఏదో ఒక స్థాయిలో మొటిమలు వస్తాయని వైద్యగ్రంథాల అంచనా. మొటిమ మానినా మన చామనచాయ చర్మాలపై దాని నల్లమచ్చ నెలల తరబడి నిలుస్తుంది. పెళ్లిచూపుల నుంచి ఉద్యోగ పరిచయం దాకా ముఖాన్ని కొలిచే సమాజంలో ఈ మచ్చ చిన్న విషయంగా ఉండదు. త్వరగా పోవాలన్న తొందర ఇక్కడే పుడుతుంది. తప్పు మందుకు దారి ఇచ్చేది ఆ తొందరే.

3. దొరికే మందు – వాడదగిన మందు:
మన దేశంలో ‘చీటీ అవసరం లేని మందులు’ అనే ప్రత్యేక వర్గాన్ని ఔషధ చట్టం నిర్వచించలేదు. 1940 నాటి ఔషధ, సౌందర్యసాధనాల చట్టం కింద 1945లో వచ్చిన నియమావళిలో హెచ్, ఎక్స్ వంటి షెడ్యూళ్లు ఉన్నాయి. తరువాత హెచ్1 కూడా చేరింది. వీటిలో ఉన్న మందును వైద్యుని చీటీపైనే అమ్మాలి. వీటిలో లేనివి చీటీ లేకుండా అమ్మదగినవిగా వ్యవహారంలో చెలామణి అవుతాయి. అంటే ఈ వర్గం నిషేధపు జాబితాలో లేకపోవడం వల్ల ఏర్పడిందే గాని, సురక్షితమని పరీక్షించి ఇచ్చిన గుర్తింపు వల్ల కాదు.

పైపూతల విషయంలో మరో చిక్కు ఉండేది. హెచ్ షెడ్యూలులోని పదార్థాలతో చేసినవైనా బయటి వాడకానికి ఉద్దేశించిన మందులకు మినహాయింపు ఉండడంతో స్టెరాయిడ్ పూతలు చాలాకాలం ఆ సందులోంచి అమ్ముడయ్యాయి. చర్మవైద్యుల సంఘం చేసిన ఒత్తిడి తరువాత 2018 మార్చిలో కేంద్ర ఆరోగ్య మంత్రిత్వశాఖ 14 స్టెరాయిడ్ పైపూతలను హెచ్ షెడ్యూలు పరిధిలోకి తెచ్చింది. చట్టం మారింది, దుకాణం ముందు మాట మాత్రం మారలేదు. చీటీ లేకుండా దొరకడం ఆ మందు మంచిదనడానికి సాక్ష్యం కాదు అనే ఎరుక ఇందుకే అవసరం.

4. చీటీ లేకుండా వాడదగినవి:
4.1 బెంజోయిల్ పెరాక్సైడ్: అమెరికా, బ్రిటన్ వంటి దేశాల్లో చీటీ లేకుండా అమ్మే మందు ఇది; మన దుకాణాల్లోనూ దొరుకుతుంది. ఇది సూక్ష్మజీవిని ఆక్సీకరణతో చంపుతుంది గనుక దానికి నిరోధకత ఏర్పడదు. 2.5, 5, 10 శాతాల్లో లభిస్తుంది. శాతం పెరిగితే గుణం పెరుగుతుందన్నది అపోహ. వాపు మొటిమలపై 2.5 శాతం పూత 10 శాతం పూతతో దాదాపు సమానంగా పనిచేస్తుంది. మంట, పొట్టు రాలడం తక్కువ. మొదటి రెండు వారాలు రోజు విడిచి రోజు, తరువాత రోజుకు ఒకసారి, బఠాణీ గింజంత మందును మొటిమ వచ్చే ప్రాంతమంతటా పలుచగా రాయాలి. కనిపించే మొటిమపై మాత్రమే చుక్కగా పెడితే లోపల తయారవుతున్న వాటికి మందు అందదు. ఇది గుడ్డ రంగును పోగొడుతుంది కాబట్టి తెల్ల తువాలు, తెల్ల దిండుగలీబు వాడడం మేలు.

ఈ మందును వేడి తగలనిచోట ఉంచడం కూడా ముఖ్యం. వేడికి ఇందులో బెంజీన్ ఏర్పడవచ్చని 2024లో అమెరికాలోని ఒక స్వతంత్ర ప్రయోగశాల ప్రకటించింది. అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ 95 ఉత్పత్తులను పరీక్షించి, 90 శాతానికి పైగా వాటిలో బెంజీన్ లేదని లేదా అత్యల్పమని 2025లో తెలిపింది. కొన్నింటిని వెనక్కు రప్పించింది. అందువల్ల భయపడి మానవలసిన పని లేదు. కాని రేకుల కప్పు కింద ఎండాకాలం గడిపే ఇళ్లలో గొట్టాన్ని కిటికీ పక్కన, బండి పెట్టెలో ఉంచకూడదు. గడువు దాటినదాన్ని వాడకూడదు.

4.2 సాలిసిలిక్ ఆమ్లం: ముఖం కడుక్కునే ద్రవాల్లో ఇది సాధారణంగా 1 లేదా 2 శాతం ఉంటుంది. నూనెలో కరిగే గుణం వల్ల రోమకూపంలోకి చేరి, అంటుకున్న కణాలను విడదీస్తుంది. నల్లతల, తెల్లతల గింజలకు ఉపకరిస్తుంది. వాపు, చీము ఉన్నచోట దీని బలం పరిమితం. 2024లో వెలువడిన అమెరికా చర్మవైద్యుల అకాడమీ మార్గదర్శకాలు బెంజోయిల్ పెరాక్సైడ్‌ను బలంగా, సాలిసిలిక్ ఆమ్లాన్ని షరతులతో సూచించడానికి ఆధారాల్లోని ఈ తేడాయే కారణం.

4.3 అడాపలీన్: విటమిన్ ఎ సంబంధమైన రెటినాయిడ్ వర్గానికి చెందినది. 0.1 శాతం జెల్‌ను అమెరికా 2016లో చీటీ అవసరం లేని మందుగా మార్చింది. కూపం మూసుకుపోవడాన్ని మొదట్లోనే అడ్డుకోవడం దీని ప్రత్యేకత. మన దేశంలో దీని డబ్బాపై చీటీ గుర్తు ఉంటే దానిని పాటించాలి. ఒక్కసారైనా వైద్యుని సలహా తీసుకొని ఆరంభించడం ఉత్తమం. రాత్రిపూట మాత్రమే రాయాలి. మొదటి వారాల్లో పొడిబారడం, మొటిమలు కాస్త పెరిగినట్లు కనిపించడం సహజం. గర్భవతులు వాడరాదు.

4.4 వాడే క్రమం: ఉదయం, రాత్రి సున్నితమైన సబ్బుతో కడగడం, రంధ్రాలను మూయని తేమపూత రాయడం, పగలు ఎండ నుంచి రక్షించే పూత వాడడం – ఈ మూడూ ఏ మందుకైనా తోడు. మొటిమను గిల్లరాదు. ఫలితం కనిపించడానికి 6 నుంచి 8 వారాలు, మందు పనిచేస్తున్నదో లేదో తేల్చుకోవడానికి 12 వారాలు పడుతుంది. ‘వారం రోజుల్ల పోతయి’ అన్న హామీని ఈ కొలతతో పోల్చి చూడాలి. వారంలో ముఖం మెరిసేలా చేసే మందు ఉంటే, అది ఏ వర్గానిదో అనుమానించాలి.

4.5 వంటింటి మందులు: సుశ్రుతుడు యౌవనపిడకలకు వస, లొద్దుగ, సైంధవలవణం, ఆవాలతో లేపం చెప్పాడు. మన ఇళ్లలో పసుపు, వేపాకు, శనగపిండి, ముల్తానీ మట్టి ఆ లేప సంప్రదాయానికి కొనసాగింపు. వీటిలో కొన్నింటికి వాపు తగ్గించే గుణం ఉన్నా, బెంజోయిల్ పెరాక్సైడ్‌కు ఉన్నంత ఆధారం లేదు. పడినవారు పలుచగా వాడుకోవచ్చు. నిమ్మరసం, వంటసోడా, టూత్‌పేస్టు మాత్రం ముఖానికి పనికిరావు. నిమ్మరసం పూసుకొని ఎండలోకి వెళితే చర్మం కాలి నల్లబడుతుంది. మొటిమలున్న ముఖానికి కొబ్బరినూనె కూపాలను మూసివేయవచ్చు.

5. చీటీ లేకుండా వాడరానివి:
5.1 స్టెరాయిడ్ పూతలు: స్టెరాయిడ్ వాపును అణచి, రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది. అందుకే రాసిన నాలుగైదు రోజుల్లో ఎరుపు తగ్గి, ముఖం తెల్లబడినట్లు కనిపిస్తుంది. దుకాణంలో ఇచ్చిన హామీ నెరవేరినట్లే ఉంటుంది. వారాలు గడిచేకొద్దీ చర్మం పలుచనై, సన్నని రక్తనాళాలు బయటకు కనిపిస్తాయి. ముఖంపై వెంట్రుకలు పెరుగుతాయి. స్టెరాయిడ్ వల్లనే కొత్త మొటిమలు వస్తాయి. మానితే మంట, ఎరుపు తిరగబెడతాయి. ఆ బాధకు తాళలేక మళ్లీ అదే పూత రాస్తారు. మొటిమకు మందనుకున్నది మొటిమకు కారణమవుతుంది.

దీని విస్తృతిని భారతీయ చర్మవైద్యుల పత్రికలో 2011లో వెలువడిన బహుకేంద్ర అధ్యయనం చూపింది. ముఖచర్మ సమస్యలతో వచ్చిన 2,926 మందిని పరిశీలిస్తే 433 మంది స్టెరాయిడ్ పూతలు వాడుతున్నారు. వారిలో 104 మంది మొటిమల కోసమే వాడారు. 257 మందికి ఆ పూతను సూచించినవారు వైద్యులు కారు. ఆ 433 మందిలో 392 మందికి దుష్ఫలితం కనిపించింది. వాటిలో మొటిమలు రావడం, ఉన్నవి పెరగడం అన్నిటికంటే ఎక్కువ. మొమెటసోన్, హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్ మూడూ కలిపిన పూతను ముఖం తెల్లబడటానికి వాడే అలవాటు కూడా ఈ కోవలోదే. ఇప్పటికే నెలల తరబడి వాడుతున్నవారు దానిని తమంతట ఒక్కసారిగా మానకుండా చర్మవైద్యుని చూపించుకొని, ఆ పర్యవేక్షణలో మానడం మంచిది.

5.2 యాంటీబయాటిక్ పూతలు, మాత్రలు: క్లిండామైసిన్ పూతను ఒంటరిగా, నెలల తరబడి రాస్తే సూక్ష్మజీవి దానికి లొంగకుండా తయారవుతుంది. వైద్యులు దానిని బెంజోయిల్ పెరాక్సైడ్‌తో కలిపి, పరిమిత కాలమే ఇవ్వడం అందుకే. దుకాణంలో అడిగి తెచ్చుకున్న పూతకు, మాత్రకు ఈ రెండు హద్దులూ ఉండవు.

ఈ ప్రమాదం ఎంతటిదో బొల్లారం–పటాన్‌చెరు వాసులకు వేరే చెప్పనవసరం లేదు. సుమారు 90 ఔషధ పరిశ్రమల వ్యర్థజలాలు చేరే పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధికేంద్రం నుంచి వెలువడే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నట్లు స్వీడన్ పరిశోధకులు 2007లో ప్రకటించారు. యాంటీబయాటిక్ ఉండకూడని చోట ఉంటే సూక్ష్మజీవులు దానికి అలవాటుపడతాయన్న పాఠం ఈ ప్రాంతం పేరుతోనే ప్రపంచానికి చేరింది. చెరువుకు వర్తించిన సూత్రమే చెక్కిలికీ వర్తిస్తుంది.

5.3 ఐసోట్రెటినాయిన్ మాత్రలు: తీవ్రమైన మొటిమలకు ఇది బలమైన మందు. కాని గర్భస్థ శిశువుకు ఘోరమైన అవకరాలు కలిగిస్తుంది. రక్తపరీక్షలు, వైద్య పర్యవేక్షణ లేకుండా దీనిని ఎవరూ, ముఖ్యంగా యువతులు, వాడరాదు.

6. మందు పేరు చదవడం – పదాంత పరిశీలన:
గొట్టంపై పెద్ద అక్షరాల్లో ఉండేది వ్యాపారనామం. దానికింద చిన్న అక్షరాల్లో ఉండేది అసలు పదార్థం పేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1950ల నుంచి నిర్వహిస్తున్న అంతర్జాతీయ ఔషధనామ వ్యవస్థలో ఒకే వర్గపు మందుల పేర్లకు ఉమ్మడి శకలాలు ఉండేలా చూస్తారు. ప్రత్యయాన్ని బట్టి పదస్వభావాన్ని గుర్తించడం భాషావిద్యార్థికి కొత్త కాదు. అదే దృష్టితో ఈ పేర్లను చదవవచ్చు.

• ‘-సోన్’, ‘-లోన్’: బీటామెథసోన్, మొమెటసోన్, డెక్సామెథసోన్, ఫ్లూసినోలోన్, ట్రైయామ్సినోలోన్ – స్టెరాయిడ్లు.
• ‘-సోల్’: క్లోబెటాసోల్ – అతిబలమైన స్టెరాయిడ్.
• ‘-జోల్’: మైకొనజోల్, క్లోట్రిమజోల్ – తామర వంటి శిలీంధ్ర వ్యాధుల మందులు. మొటిమకు సంబంధం లేనివి.
• ‘-మైసిన్’: క్లిండామైసిన్, ఎరిత్రోమైసిన్, నియోమైసిన్ – యాంటీబయాటిక్‌లు.

‘సోల్’కు, ‘జోల్’కు మధ్య తేడా ఒక్క హల్లు, చర్మంపై వాటి పని పూర్తిగా వేరు. ఒకే గొట్టంపై క్లోబెటాసోల్, నియోమైసిన్, మైకొనజోల్ మూడు పేర్లూ కనిపిస్తే అది దేనికైనా పనిచేస్తుందని ఇచ్చే మిశ్రమమని, ముఖానికి తగనిదని గ్రహించాలి.

వ్యాకరణానికి అపవాదాలున్నట్లే దీనికీ ఉన్నాయి. డాప్సోన్ ‘-సోన్’తో ముగిసినా స్టెరాయిడ్ కాదు, కుష్ఠుకు, జెల్ రూపంలో మొటిమలకు కూడా వాడే మందు. హైడ్రోక్వినోన్ ‘-నోన్’తో ముగిసే, రంగు తగ్గించే పదార్థం. కాబట్టి పదాంతం తొలి జల్లెడ మాత్రమే. చివరి తీర్పు కాదు. ఎడమవైపు ‘ఆర్‌ఎక్స్’ గుర్తు, హెచ్ షెడ్యూలు హెచ్చరిక ఉన్నాయేమో చూడడం రెండో జల్లెడ. ఈ హెచ్చరికలు చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో ఉండడం తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన విద్యార్థికి అడ్డంకి. అధ్యాపకులు ఒక్క తరగతిలో ఖాళీ గొట్టాలు చూపి చదివిస్తే ఆ అడ్డంకి తొలగుతుంది.

7. వైద్యుని వద్దకు వెళ్లవలసిన సందర్భాలు:
చర్మం లోతున గట్టి గడ్డలు, గుంటలు పడే మచ్చలు ఏర్పడినప్పుడు. 12 వారాల స్వయంచికిత్సతో మార్పు లేనప్పుడు. యువతుల్లో మొటిమలతోపాటు నెలసరి తప్పడం, ముఖంపై వెంట్రుకలు రావడం ఉన్నప్పుడు. ముఖం చూపలేక కళాశాల మానేంత దిగులు కలిగినప్పుడు చీటీ లేని చికిత్సను ఆపి వైద్యుని చూడాలి.

పారిశ్రామికవాడలో మరో సందర్భం ఉంది. యంత్రాల నూనె తగిలే పనుల్లో చేరిన పద్ధెనిమిది, పందొమ్మిదేళ్ల యువకులకు ముంజేతులపై, తొడలపై మొటిమలవంటివి రావచ్చు. కొన్ని క్లోరిన్ సమ్మేళనాల వల్ల చెవుల వెనుక, చెంపఎముకలపై గింజలు లేస్తాయి. ఇవి వయసు మొటిమలు కావు. పూతలకన్నా ముందు పనిచోట రక్షణ కావాలి.

చర్మవైద్యుని ఖర్చుకు జంకి దుకాణాన్ని ఆశ్రయించే కుటుంబాలు గుర్తుంచుకోవలసినది ఒకటుంది. ఈఎస్‌ఐ పరిధిలోని కార్మికునిపై ఆధారపడిన పిల్లలకు కూడా వైద్యసేవ పొందే హక్కు ఉంది. ఈ ప్రాంతానికి రామచంద్రాపురంలో ఈఎస్‌ఐ ఆసుపత్రి, పటాన్‌చెరులో ప్రభుత్వ ఏరియా ఆసుపత్రి ఉన్నాయి.

8. ముగింపు:
• స్వల్పస్థాయి మొటిమలకు చీటీ లేని చికిత్స సాధ్యమే. 2.5 శాతం బెంజోయిల్ పెరాక్సైడ్‌తో ఆరంభించి 12 వారాలు ఓపిక పట్టడం దాని సారం.
• చీటీ లేకుండా దొరకడం, చీటీ లేకుండా వాడదగడం వేర్వేరు విషయాలు. స్టెరాయిడ్, యాంటీబయాటిక్ పూతలు, ఐసోట్రెటినాయిన్ మాత్రలు రెండో కోవలోకి రావు.
• వారంలో గుణం చూపే పూతను నమ్మడం కన్నా అనుమానించడం క్షేమం.
• పదాంతాన్ని బట్టి మందు వర్గాన్ని గుర్తించడం భాషాబోధనలో భాగం చేయదగిన జీవననైపుణ్యం.

దుకాణం ముందు నిలబడిన విద్యార్థి “ఏదన్న క్రీం ఉందా?” అని కాక “ఇందులో ఏ మందు ఉందన్నా?” అని అడగగలిగిన రోజున అతని ముఖానికి సగం రక్షణ దొరికినట్లే. ఆ ప్రశ్నను నేర్పవలసిన బాధ్యత వైద్యులతోపాటు అధ్యాపకులపైనా ఉంది.